ఏడింటి కరెంటుకి మధ్యాహ్నం సర్టిఫికెట్

"మేం 100 శాతం రెన్యూవబుల్ కరెంటుతోనే నడుస్తున్నాం" అని ఈ మధ్య హైదరాబాద్‌లో చాలా కంపెనీల రిపోర్టుల్లో కనిపిస్తోంది, ఫార్మా వాళ్లు, ఐటీ వాళ్లు, డేటా సెంటర్ల వాళ్లు, అందరూ రాసుకుంటున్నారు. ఒక ఫార్మా యూనిట్‌లో కరెంటు బిల్లులు, ఓపెన్ యాక్సెస్ (పంపిణీ కంపెనీ దగ్గర కాకుండా నేరుగా ప్లాంట్ దగ్గర కరెంటు కొనడం) లెక్కలు చూసే పని నాది, కాబట్టి ఆ ఒక్క వాక్యం వెనకాల ఎన్ని కాగితాలు తిరుగుతాయో రోజూ చూస్తుంటాను. ఇప్పుడున్న రూల్స్ ప్రకారం ఆ మాట కరెక్టే. కాకపోతే ఆ రూల్స్‌లోనే పెద్ద కన్నం ఉంది. దాన్ని పూడ్చడం మిగతా దేశాలకన్నా మనకే తేలికని నాకు గట్టి నమ్మకం, ఎందుకో చెప్దామనే ఈ పోస్ట్. కొంచెం పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు సర్టిఫికెట్ అంటే ఏంటో చూద్దాం. గ్రిడ్‌లోకి ఎక్కాక కరెంటు ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు, ఎన్‌పీ కుంట సోలార్ పార్కులో పుట్టిన యూనిటూ రామగుండంలో బొగ్గు కాల్చి తీసిన యూనిటూ ఒకే వైర్లో కలిసిపోతాయి. అందుకని కరెంటుని విడిగా, "ఇది గ్రీన్ కరెంటు" అని చెప్పుకునే హక్కుని విడిగా తీసి, ఆ హక్కుకి ఒక సర్టిఫికెట్ ఇస్తారు. మన దగ్గర దాన్ని ఆర్ఈసీ, అంటే రెన్యూవబుల్ ఎనర్జీ సర్టిఫికెట్ అంటాం. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ సీఈఆర్సీ 2010లో దీనికి రెగ్యులేషన్ తెచ్చింది, 2011 నుంచి పవర్ ఎక్స్ఛేంజీల్లో కొనడం అమ్మడం మొదలైంది, రిజిస్ట్రీ చూసేది దేశ గ్రిడ్‌ని నడిపే, ఢిల్లీలోని నేషనల్ లోడ్ డిస్పాచ్ సెంటర్. 1 మెగావాట్ అవర్‌కి, అంటే వెయ్యి యూనిట్లకి ఒక సర్టిఫికెట్. డిస్కంలూ (కరెంటు పంపిణీ కంపెనీలు) పెద్ద ఫ్యాక్టరీలూ తమ ఆర్పీఓ కోటా, అంటే ఇంత శాతం గ్రీన్ కరెంటు ఉండాలన్న రూల్, నింపుకోవడానికి ఇవి కొంటాయి, కొన్ని కంపెనీలు స్వచ్ఛందంగా కూడా కొంటాయి, ఫారిన్ క్లయింట్లున్న వాళ్లు ఐ-రెక్ అనే ఇంకో రకం కొంటారు.

ఆ రోజుల్లో ఈ పద్ధతి తప్పేం కాదు. 2010లో సోలార్ కరెంటు చాలా ఖరీదు, ప్లాంట్ కట్టేవాడికి నాలుగు డబ్బులు అదనంగా వస్తేనే ముందుకొస్తాడు, మొదట్లో సోలార్ సర్టిఫికెట్‌కి కనీస ధరే 12,000 రూపాయలుండేది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న "ఎంత తయారైంది" అన్నదొక్కటే. ఇప్పుడు సోలార్ మనకున్న వాటన్నిట్లోకీ చౌక, మధ్యాహ్నం పూట కరెంటు పొర్లిపోతోంది, రాజస్థాన్‌లో లైన్లు చాలక సోలార్ ప్లాంట్లని తగ్గించమని చెప్పాల్సొస్తోంది. ఇప్పుడు "ఎంత" కంటే "ఎప్పుడు" అన్నదే అసలు ప్రశ్న, సర్టిఫికెట్ మాత్రం ఇంకా 2010 ప్రశ్నకే జవాబు చెప్తోంది.

మా టేబుల్ మీదకొచ్చే ఫైల్ ఎలా ఉంటుందో చెప్తాను, అప్పుడు విషయం బాగా అర్థమవుతుంది. మన గ్రిడ్‌లో రోజుని 96 ముక్కలు చేశారు, ఒక్కో ముక్క 15 నిమిషాలు, దాన్ని బ్లాక్ అంటాం. అర్ధరాత్రి 12 నుంచి 12:15 దాకా ఒకటో బ్లాక్, మధ్యాహ్నం 12కి మొదలయ్యేది 49వ బ్లాక్, సాయంత్రం 7కి మొదలయ్యేది 77వ బ్లాక్. అంటే 30 రోజుల నెలకి 2,880 వరసలు. సోలార్ ప్లాంట్ నుంచి వచ్చే ఇంజెక్షన్ డేటాలో, అంటే గ్రిడ్‌లోకి ఎంత పంపిందో చెప్పే లెక్కలో, 49వ బ్లాక్ దగ్గర అంకెలు కొండెక్కి ఉంటాయి, 77వ బ్లాక్ దగ్గర సున్నా, నెలంతా కిందకి జరుపుకుంటూ పోయినా ప్రతి రోజూ 77 దగ్గర సున్నానే. పక్కన మా వాడకం కాలమ్ ఉంటుంది. ఫార్మాలో క్లీన్ రూమ్ ఏసీలు రాత్రి ఆపడం కుదరదు, ఎయిర్ ప్రెషర్ తగ్గితే బ్యాచ్ మొత్తం పోతుంది, చిల్లర్లు తిరగాల్సిందే, అందుకని 49లో ఎంత లాగుతామో 77లోనూ దాదాపు అంతే లాగుతాం. ఈ రెండు కాలమ్స్ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎవరికి ఎవరు కరెంటిస్తున్నారో కళ్లకి కనిపిస్తుంది, ఎవరూ వివరించక్కర్లేదు.

ఇంత వివరంగా కొలిచిన డేటా, సర్టిఫికెట్ దగ్గరకొచ్చేసరికి ఏమవుతుందంటే, 2,880 వరసల్నీ కూడేసి నెలకి ఒకే అంకె చేస్తారు. ఆ అంకెని వెయ్యితో భాగించి అన్ని సర్టిఫికెట్లు ఇస్తారు. ఏ ప్లాంటు, ఏ నెల అన్నది ఉంటుంది, ఏ గంట అన్నది ఎక్కడా ఉండదు. 2022 డిసెంబర్ నుంచి అమల్లోకొచ్చిన కొత్త రెగ్యులేషన్లో ఇంకో మార్పు, సర్టిఫికెట్ అమ్ముడుపోయే దాకా చెల్లుతుంది, గడువంటూ లేదు. అంటే 2023 జులైలో గాలి బాగా వీచినప్పుడు తయారైన సర్టిఫికెట్ని 2026 మార్చిలో రాత్రి వాడిన కరెంటుకి చూపించినా అభ్యంతరం లేదు. జులైలో కురిసిన వానకి రసీదు తీసుకుని మార్చిలో పొలం తడిపానని రాసుకోవడం లాంటిది ఇది, మధ్యలో చెరువుంటే నిజంగానే తడపొచ్చు, చెరువు లేకుండా రసీదొక్కటే ఉంటే పొలం ఎండుతుంది.

అదే రెగ్యులేషన్లో మల్టిప్లయర్లు కూడా వచ్చాయి, హైడ్రోకి ఒకటిన్నర, బయోమాస్‌కి రెండున్నర, ఇలా. ఖరీదైన టెక్నాలజీని ప్రోత్సహించడానికి పెట్టారు, ఉద్దేశం మంచిదే. దాని వల్ల ఏమైందంటే ఒక సర్టిఫికెట్ అంటే వెయ్యి యూనిట్లు అన్న లెక్క కూడా పోయింది, వెయ్యి యూనిట్ల బయోమాస్ కరెంటుకి రెండున్నర సర్టిఫికెట్లు పుడతాయి. కోటా నింపుకోవడానికి అది సరిపోతుందేమో గానీ "నేను వాడిన ప్రతి యూనిట్‌కీ ఒక గ్రీన్ యూనిట్ ఉంది" అని చెప్పడానికి ఎలా సరిపోతుంది?

ఇప్పుడు ఒక చిన్న లెక్క, ఊహకే అనుకోండి. 24 గంటలూ 10 మెగావాట్లు లాగే ఫ్యాక్టరీ ఉంది, రోజుకి 240 మెగావాట్ అవర్లు. అంతే సోలార్ కొనాలంటే మన ఎండలకి సుమారు 40 మెగావాట్ల ప్లాంట్ కావాలి. ఆ ప్లాంట్ మధ్యాహ్నం 30 మెగావాట్లకి పైనే ఇస్తుంది, ఫ్యాక్టరీ వాడుకోగలిగేది 10 మాత్రమే, మిగతాది గ్రిడ్‌లోకి పోతుంది. ప్లాంట్ పదికి తగ్గకుండా ఇచ్చే గంటలు రోజుకి ఒక పది ఉంటాయేమో, పొద్దున్నే సాయంత్రమూ ఎలాగూ తక్కువే వస్తుంది. పది గంటలు, పది మెగావాట్లు, వంద. 240లో 100 అంటే 42 శాతం అటూఇటుగా. నెల లెక్కన చూస్తే 100 శాతం, గంట లెక్కన చూస్తే సగం కూడా లేదు. రెండూ ఒకే ఫ్యాక్టరీ, ఒకే ప్లాంట్, ఒకే బిల్లు. నా దృష్టిలో రిపోర్ట్‌లో వేయాల్సింది రెండో అంకె, కనీసం మొదటిదాని పక్కన రెండోది కూడా వేయాలి.

మిగతా 58 శాతం ఎవరిస్తున్నారు మరి. సాయంత్రం ఆరు దాటాక సోలార్ దిగిపోతుంది, అప్పుడే ఇళ్లల్లో లైట్లు, టీవీలు, ఎండాకాలమైతే ఏసీలు. ఆ లోటు పూడ్చేది ఎక్కువగా బొగ్గే, కొంత శ్రీశైలం, సాగర్ లాంటి హైడ్రో. దేశం మొత్తం మీద తయారయ్యే కరెంటులో సుమారు 70 శాతం ఇప్పటికీ బొగ్గుదే, రాత్రి పూట ఆ వాటా ఇంకా ఎక్కువ. ఎక్స్ఛేంజ్ ధరలు చూసినా ఇదే తెలుస్తుంది, ఎండాకాలంలో మధ్యాహ్నం యూనిట్ రెండు మూడు రూపాయలకి దొరికిన రోజే సాయంత్రం సీలింగ్‌ని, అంటే 10 రూపాయల్ని తాకేస్తుంది. కేంద్రం వాళ్ల సోలార్ కార్పొరేషన్ సెకీ లాంటి సంస్థల టెండర్లలో ఉత్త సోలార్ రెండున్నర రూపాయల దగ్గర పడుతుంటే, అవసరమైన గంటల్లో ఇచ్చి తీరాలి అన్న షరతుతో పిలిచే ఎఫ్‌డీఆర్ఈ టెండర్లలో సుమారు నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా పడింది. డిస్కంలు కూడా 2024 ఏప్రిల్ నుంచి పరిశ్రమలకి టైమ్ ఆఫ్ డే టారిఫ్ పెట్టాలని కేంద్రం రూల్, సోలార్ అవర్లలో తక్కువ, పీక్‌లో ఎక్కువ. అంటే మార్కెట్‌కి తెలుసు, టెండర్ రాసేవాళ్లకి తెలుసు, బిల్లు వేసేవాళ్లకి తెలుసు, గంట గంటకీ కరెంటు విలువ మారుతుందని. తెలియనిది సర్టిఫికెట్‌కే. దాని ధర మాత్రం 2024లో ఒక్కోటి వంద రూపాయల చిల్లర దాకా పడిపోయింది, యూనిట్‌కి పన్నెండు పైసలు అనుకోండి, మధ్యాహ్నం యూనిట్‌కీ అంతే, రాత్రి యూనిట్‌కీ అంతే. పన్నెండు పైసలతో రాత్రి బొగ్గు కరెంటు గ్రీన్ అయిపోతుంటే బ్యాటరీ ఎవరు కొంటారు?

నాకు బాధ కలిగించేది ఇదే. రాత్రికి కరెంటిచ్చే ప్లాంట్ కట్టాలంటే గాలి, ఎండ, స్టోరేజీ కలపాలి, అలా కట్టినవాడికి సర్టిఫికెట్ వైపు నుంచి ఒక్క పైసా అదనంగా రాదు.

బయట ఏం జరుగుతోందో కూడా చూద్దాం. గూగుల్ 2017 నుంచి ఏడాది లెక్కన 100 శాతం రెన్యూవబుల్ అని చెప్పుకునేది. 2020లో వాళ్లే ఇది చాలదని, 2030 కల్లా ప్రతి గంటా, ప్రతి గ్రిడ్‌లోనూ కార్బన్ లేని కరెంటుతో నడవాలని టార్గెట్ పెట్టుకున్నారు. గంట లెక్కన 2023లో వాళ్లకొచ్చింది 64 శాతం, 2024లో 66. నాకైతే ఆ 64 మీద వచ్చే నమ్మకం వేరేవాళ్ల 100 మీద రాదు, ఎందుకంటే ఎక్కడ తక్కువుందో ఆ అంకె చెప్తుంది, తక్కువున్న చోట ఏం కట్టాలో ఆలోచించేలా చేస్తుంది. గంట ముద్ర ఉన్న సర్టిఫికెట్లని అమెరికాలో, డెన్మార్క్‌లో ప్రయోగాత్మకంగా ఇచ్చి కూడా చూశారు, ఎనర్జీట్యాగ్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2022లో దీనికి ఒక స్టాండర్డ్ కూడా రాసింది. అదే గూగుల్ 2025 అక్టోబర్‌లో విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది. గిగావాట్ అంటే ఆషామాషీ లోడ్ కాదు, కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్క్ మొత్తం 1,000 మెగావాట్లు, అది కూడా ఎండ నిండుగా ఉన్నప్పుడు. డేటా సెంటర్ పగలూ రాత్రీ ఒకేలా లాగుతుంది. అలాంటిది మన గ్రిడ్ మీదకొస్తున్నప్పుడు 77వ బ్లాక్‌లో దానికి కరెంటు ఎక్కడ్నుంచి వస్తుందనే ప్రశ్న విశాఖ వాళ్లకీ, సింహాద్రి థర్మల్ ప్లాంట్ పక్కన బతికేవాళ్లకీ చాలా ముఖ్యం. గంట సర్టిఫికెట్ ఉంటే ఆ ప్రశ్నకి కాగితం మీద జవాబుంటుంది.

సర్టిఫికెట్ కరెంటు నుంచి మరీ దూరం వెళ్లిపోతే ఏమవుతుందో ఐస్‌లాండ్‌ని చూస్తే తెలుస్తుంది. అక్కడ కరెంటంతా దాదాపు హైడ్రో, జియోథర్మలే, యూరప్ గ్రిడ్‌తో ఒక్క కేబుల్ కూడా లేదు. అయినా అక్కడి సర్టిఫికెట్లని యూరప్ కంపెనీలు కొనుక్కుంటాయి. అమ్మేసిన సర్టిఫికెట్లు తీసేసి లెక్క వేస్తే ఐస్‌లాండ్ జనం బొగ్గు కరెంటూ అణు కరెంటూ వాడుతున్నట్టు కాగితాల్లో కనిపిస్తుంది, ఆ ద్వీపంలో అణు ప్లాంటే లేదు. అక్కడి అల్యూమినియం ఫ్యాక్టరీలేమో సర్టిఫికెట్ కొనకపోయినా మాది గ్రీన్ కరెంటే అని చెప్పుకున్నాయి, ఒకే యూనిట్‌ని ఇద్దరు చెప్పుకుంటున్నారని 2023లో సర్టిఫికెట్లిచ్చే సంస్థల యూరప్ సంఘం కొన్ని వారాలపాటు ఐస్‌లాండ్ సర్టిఫికెట్ల ఎగుమతి ఆపేసింది కూడా. ఎప్పుడు అన్నదే కాదు, ఎక్కడ అన్నది కూడా సర్టిఫికెట్ మీద ఉండాలని నాకు ఆ గొడవ చదివాకే గట్టిగా అనిపించింది.

ఇప్పుడు రూల్స్ కూడా అటే కదులుతున్నాయి. కంపెనీలన్నీ తమ కరెంటు ఉద్గారాల్ని లెక్కేసుకునేది ఉద్గారాల లెక్కకి అంతర్జాతీయంగా రూల్స్ రాసే జీహెచ్‌జీ ప్రొటోకాల్ 2015లో ఇచ్చిన స్కోప్ 2 (కొన్న కరెంటు వల్ల వచ్చే ఉద్గారాలు) గైడెన్స్ ప్రకారం. దాన్ని మారుస్తూ, సర్టిఫికెట్ గంటకి గంట సరిపోలాలి, కరెంటు నిజంగా అందగలిగే గ్రిడ్ ప్రాంతం నుంచే రావాలి అని 2025 అక్టోబర్‌లో ప్రతిపాదన పెట్టి అభిప్రాయాలు అడిగారు. యూరప్ అయితే గ్రీన్ హైడ్రోజన్‌కి ఇప్పటికే చట్టం చేసేసింది, 2029 ఆఖరు దాకా నెల లెక్క సరిపోతుంది, 2030 జనవరి నుంచి గంట లెక్కే. ఇది మనకి దూరపు విషయం కాదు. కాకినాడలో గ్రీన్ అమ్మోనియా ప్రాజెక్ట్ వస్తోంది, పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన అయింది, వీటిలో తయారయ్యేది యూరప్‌కి అమ్మాలంటే గంట లెక్క చూపించాల్సిందే. మన దేశం 2023 ఆగస్టులో పెట్టుకున్న గ్రీన్ హైడ్రోజన్ స్టాండర్డ్‌లో మాత్రం కిలో హైడ్రోజన్‌కి 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనే పరిమితి 12 నెలల సగటు మీద ఉంది. ఇంట్లో ఒక లెక్క, బయటికి అమ్మేటప్పుడు ఇంకో లెక్క. ఎలాగూ గంట లెక్క తీయక తప్పని వాళ్లున్నప్పుడు అదేదో అందరికీ పనికొచ్చేలా రిజిస్ట్రీలోనే పెట్టడం మేలు కదా.

దీనికి అభ్యంతరాలూ ఉన్నాయి, అవి తేలిగ్గా తీసేసేవి కావు. ఖర్చు పెరుగుతుంది, చిన్న కంపెనీలు చేయలేవు, భయపడి మొత్తానికే గ్రీన్ కరెంటు కొనడం మానేస్తాయి అంటారు, అందులో నిజం ఉంది. ఇంకో వాదన అమెరికన్ పెద్ద కంపెనీలు కొన్ని చేస్తున్నది, గంటకి గంట సరిపోల్చుకోవడం కంటే ఎక్కడ కడితే ఎక్కువ బొగ్గు ఆగుతుందో అక్కడ కట్టడం మంచిది, కాలిఫోర్నియాలో ఇంకో సోలార్ ప్లాంట్ కంటే బొగ్గు ఎక్కువగా ఉన్న గ్రిడ్‌లో కడితే ఉపయోగం అని. మన దేశం దృష్టితో చూస్తే ఈ మాట ఆకర్షణీయంగానే ఉంటుంది, ఇక్కడ కట్టిన ప్రతి మెగావాట్‌కీ విలువెక్కువ కాబట్టి. కానీ ఎంత బొగ్గు ఆగిందో తెలియాలన్నా ఆ యూనిట్ ఏ గంటలో పుట్టిందో తెలియాలి, సోలార్ తగ్గించమని చెప్తున్న మధ్యాహ్నం పూట ఇంకో సోలార్ యూనిట్ వల్ల ఆగే బొగ్గు వేరు, రాత్రి ఎనిమిదింటికి బ్యాటరీ నుంచొచ్చిన యూనిట్ వల్ల ఆగేది వేరు. రెండు వర్గాల వాదనా సర్టిఫికెట్ మీద టైమ్ ఉంటేనే నిలబడుతుంది. అందుకే నేను "అందరూ రేపట్నుంచి గంటకి గంట సరిపోల్చండి" అనడం లేదు. ముందు సర్టిఫికెట్ మీద టైమ్ వేయండి, ఆర్పీఓ కోటా కొన్నాళ్లు ఏడాది లెక్కనే ఉండనివ్వండి, స్వచ్ఛందంగా "100 శాతం" అని చెప్పుకునేవాళ్లకి మాత్రం గంట లెక్క అడగండి అంటున్నాను.

టైమ్ వేయడానికి కొత్తగా కొనాల్సింది చాలా తక్కువ. షెడ్యూల్ పాటించడాన్ని బట్టి కరెంటుకి డబ్బు లెక్కేసే ఏబీటీ పద్ధతి వచ్చినప్పటి నుంచి, అంటే సదరన్ రీజియన్‌లో 2003 నుంచి, గ్రిడ్‌కి కలిసిన పెద్ద ప్లాంట్లన్నిటికీ 15 నిమిషాల మీటర్లే. షెడ్యూల్ తప్పితే పెనాల్టీ వేసేదీ ఈ బ్లాకుల మీదే. చాలా దేశాలు గంట సర్టిఫికెట్లంటే ముందు మీటర్లు మార్చాలి, డేటా తెప్పించాలి అని తల పట్టుకుంటుంటే మన దగ్గర ఇరవయ్యేళ్లకి పైగా పెనాల్టీ వేసేంత నమ్మకంగా ఆ డేటా ఉంది. లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి రిజిస్ట్రీకి నెల మొత్తం పంపేబదులు బ్లాకుల ఫైల్ పంపాలి, వెయ్యి యూనిట్లకొక సర్టిఫికెట్ బదులు గంటకొక సర్టిఫికెట్, అందులో ఎన్ని యూనిట్లుంటే అన్ని. చోటు విషయానికీ తయారుగా ఒక ఏర్పాటుంది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైన్‌తో సౌత్ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది, కాబట్టి కాగితం మీద దేశమంతా ఒకటే గ్రిడ్, కానీ లైన్లు ఇరుకైనప్పుడు ఎక్స్ఛేంజ్ దేశాన్ని బిడ్ ఏరియాలుగా విడగొట్టి వేరువేరు ధరలు వేస్తుంది. ధర విడిపోయిన గంటలో ఆ కరెంటు ఇక్కడికి రాలేదనే కదా అర్థం. సర్టిఫికెట్ మీద ఆ బిడ్ ఏరియా పేరు వేస్తే చాలు, కొత్త సరిహద్దులు గీయక్కర్లేదు.

ఇందాక చెరువన్నాను కదా, మన దగ్గర నిజంగానే చెరువులున్నాయి. శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో 900 మెగావాట్ల రివర్సిబుల్ టర్బైన్లున్నాయి, నీళ్లని వెనక్కి ఎత్తిపోసి మళ్లీ కిందకి వదలగలవు. నంద్యాల దగ్గర పిన్నాపురంలో గ్రీన్‌కో వాళ్లది 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ, మధ్యాహ్నం సోలార్‌తో పైకి ఎక్కించి సాయంత్రం కిందకి దించడం. ఇప్పటి సర్టిఫికెట్ పద్ధతిలో ఈ మొత్తం పనికి గుర్తింపు లేదు, మధ్యాహ్నం యూనిట్ పుట్టినప్పుడే సర్టిఫికెట్ పుట్టేసింది, దాన్ని సాయంత్రానికి మోసుకెళ్లినవాడి పేరెక్కడా రాదు. గంట పద్ధతిలో అయితే, నీళ్లెక్కించడానికి వాడిన మధ్యాహ్నం సర్టిఫికెట్లు రద్దవుతాయి, సాయంత్రం దిగిన కరెంటుకి ఆ గంట ముద్రతో కొత్తవి పుడతాయి. ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ కలిపి పంప్డ్ స్టోరేజీలో సుమారు ఐదో వంతు పోతుంది, కాబట్టి వందకి ఎనభై దగ్గరే పుడతాయి, నష్టం కూడా లెక్కలోకొస్తుంది. ఆ ఎనభైకి ధర ఎక్కువ పలుకుతుంది, ఎందుకంటే 77వ బ్లాక్‌లో సర్టిఫికెట్లు కరువు.

ఇంకొకటి కూడా అడగాలి. సర్టిఫికెట్ లేనివాళ్లు కరెంటు ఉద్గారాలు లెక్కేసుకోవడానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సీఈఏ ఏటా ఒక ఎమిషన్ ఫ్యాక్టర్ ఇస్తుంది, మెగావాట్ అవర్‌కి సుమారు 0.7 టన్నుల కార్బన్ డయాక్సైడ్. దేశం మొత్తానికి ఒకటే, ఏడాది మొత్తానికి ఒకటే. ఎండ నిండుగా ఉన్న ఆదివారం మధ్యాహ్నానికీ మే నెల రాత్రి తొమ్మిదింటికీ అదే 0.7 అంటే ఎలా నమ్మడం. పైగా ఇప్పటికే వేరేవాళ్లు సర్టిఫికెట్ తీసుకున్న గ్రీన్ కరెంటు కూడా ఆ సగటులో కలిసే ఉంటుంది, ఒక్కటే రెండుసార్లు లెక్కకొస్తుంది. గంటవారీ ఫ్యాక్టర్, అది కూడా అమ్ముడైన సర్టిఫికెట్లు తీసేశాక మిగిలినదానికి, ప్రకటిస్తే మిగతా లెక్కలన్నీ సర్దుకుంటాయి.

గంట లెక్క వస్తే నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించే సంగతి రైతుల వైపు ఉంది. మా అమ్మమ్మ వాళ్లది అనంతపురం జిల్లా, చిన్నప్పుడు సెలవులకెళ్తే రాత్రి ఏ రెండింటికో కరెంటొచ్చేది, మామయ్య టార్చిలైట్, కర్ర పట్టుకుని బోరు దగ్గరికెళ్లేవాడు, స్టార్టర్ బాక్స్ తెరిచేముందు చెప్పు తీసి డబ్బా మీద రెండుసార్లు కొట్టేవాడు లోపల పామేమైనా ఉంటే పోతుందని, తడిచేత్తో ఫ్యూజు ముట్టుకుని పోయినవాళ్ల కథలు ఆ పక్క ఊళ్లన్నిట్లో ఉన్నాయి. ఇప్పుడు ఏపీలో పగలే 9 గంటలు ఇస్తున్నారు, పగలిస్తున్నారంటే ఎండ ఉన్నప్పుడే ఇస్తున్నారు. దేశంలో ఇంత పెద్ద లోడ్‌ని రాత్రి నుంచి పగటికి జరిపిన సందర్భాలు ఎన్నో లేవు, దీన్ని మాత్రం గ్రీన్ లెక్కల్లో ఎవరూ రాయరు, సబ్సిడీ భారం అనే కాలమ్‌లోనే రాస్తారు. బ్లాకుల వారీగా చూస్తే వ్యవసాయ ఫీడర్ల వాడకంలో చాలా భాగం నేరుగా సోలార్ మీద కూర్చుంటుంది, గాజు అద్దాల ఆఫీసుల కంటే వేరుశనగ చేను ఎక్కువ గ్రీన్ కరెంటు వాడుతోందని అంకెలతో తేలుతుంది. మధ్యాహ్నం పొర్లిపోయే కరెంటుని తాగేది ఆ మోటార్లే అని తేలితే ఆ ఫీడర్లకి మంచి ట్రాన్స్‌ఫార్మర్లు, మీటర్లు పెట్టడానికి డబ్బు అడగడమూ తేలికవుతుంది.

చిన్నవాళ్ల సంగతి కూడా చూడాలి. 2022 గ్రీన్ ఓపెన్ యాక్సెస్ రూల్స్‌తో 100 కిలోవాట్ల వాళ్లు కూడా నేరుగా గ్రీన్ కరెంటు కొనుక్కోవచ్చు, అంతకుముందు ఒక మెగావాట్ ఉండాలి. అంటే చిన్న రైస్ మిల్లు, ఒక మోస్తరు ఆసుపత్రి, కాలేజీ హాస్టల్. వీళ్లని ఎక్సెల్‌లో 2,880 వరసలు చేయమంటే చేయరు, చేయాల్సిన పని కూడా లేదు, ఆ స్థాయి వాడకానికి డిస్కం ఒక మామూలు లోడ్ ప్రొఫైల్ ఇచ్చి దాని మీద లెక్కేసుకోమంటే సరిపోతుంది, జీహెచ్‌జీ ప్రొటోకాల్ ప్రతిపాదనలో కూడా గంట డేటా లేనివాళ్లకి అలాంటి వెసులుబాటే ఉంది. రైస్ మిల్లు వాడికి ఇందులో లాభం కూడా ఉంది, పగలే ఆడిస్తే వాడికి గంటకి గంట సరిపోలే శాతం పెద్ద పెద్ద డేటా సెంటర్లకంటే ఎక్కువొస్తుంది.

రూల్ మారేదాకా ఆగక్కర్లేదు. కంపెనీల్లో ఎనర్జీ, సస్టెయినబిలిటీ పని చేసే తెలుగువాళ్లు ఇది చదువుతుంటే, మీరు కొనే సోలార్, విండ్ ప్లాంట్ వాళ్లని బ్లాకుల వారీ ఇంజెక్షన్ డేటా అడగండి, వాళ్ల దగ్గరుంటుంది, ఇవ్వడానికి కొంచెం నసుగుతారు, తర్వాతి అగ్రిమెంట్‌లో ఇవ్వాలని ఒక లైన్ రాసుకోండి. మీ మీటర్ డేటా డిస్కం నుంచి తెచ్చుకోండి. ప్రతి బ్లాక్‌లో రెండిట్లో ఏది తక్కువో అది తీసుకుని కూడి, మొత్తం వాడకంతో భాగించండి, అదే మీ అంకె. మొదటిసారి వచ్చిన అంకె చూసి మేనేజ్‌మెంట్ వాళ్ల మొహం మాడుతుంది, రిపోర్ట్‌లో వేయొద్దంటారు. ఏ గంటల్లో లోటుందో చార్ట్ వేసి చూపించండి, లోటంతా సాయంత్రం ఐదు నుంచి పొద్దున ఏడు దాకా పేరుకుని కనిపిస్తుంది, వానాకాలంలో గాలి కరెంటు దాన్ని ఎంత పూడుస్తుందో కూడా కనిపిస్తుంది, తర్వాతి కాంట్రాక్ట్‌లో సోలార్ తగ్గించి విండ్, స్టోరేజీ పెంచాలన్న మాట అక్కడే మొదలవుతుంది.

ఇక రెగ్యులేటర్ల సంగతి. సీఈఆర్సీ, ఆంధ్ర, తెలంగాణ కమిషన్లయిన ఏపీఈఆర్సీ, టీజీఈఆర్సీ ఏ రెగ్యులేషన్ మార్చినా ముందు డ్రాఫ్ట్ వెబ్‌సైట్లో పెడతాయి, పబ్లిక్ హియరింగ్ ఉంటుంది, ఎవరైనా రాసి పంపొచ్చు, లాయర్ అక్కర్లేదు. ఆర్ఈసీ మీద గానీ, బ్యాంకింగ్ (మిగిలిన కరెంటుని గ్రిడ్‌లో జమ చేసి తర్వాత వాడుకోవడం) మీద గానీ, ఆర్పీఓ మీద గానీ వచ్చే తర్వాతి డ్రాఫ్ట్‌కి నేను పంపబోయేది రెండే వాక్యాలు: సర్టిఫికెట్ మీద బ్లాక్ టైమూ బిడ్ ఏరియా వేయండి, వేసిన డేటా అందరికీ కనిపించేలా రిజిస్ట్రీలో పెట్టండి. మీరు కూడా పంపుతానంటే కామెంట్లో చెప్పండి, డ్రాఫ్ట్ వచ్చిన రోజు లింక్, ఆఖరు తేదీ ఇక్కడే పోస్ట్ చేస్తాను.